బడిపంతులు రహీం సాహెబ్, ఆయన నడిపిన ఫుట్‌బాల్ సంఘం

భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో సెమీ ఫైనల్ ఆడిందంటే ఈ తరం పిల్లలు నమ్మరు. ఆసియా క్రీడల్లో రెండుసార్లు బంగారు పతకం తెచ్చిందంటే అది హాకీ సంగతేమో అంటారు. అది ఫుట్‌బాలే. ఆ రెండు పతకాల వెనుకా, ఆ ఒలింపిక్స్ వెనుకా ఉన్న మనిషి ఒక్కరే. ఆయన హైదరాబాదు బడుల్లో పాఠాలు చెప్పుకున్న ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. నగరంలో అందరికీ ఆయన రహీం సాహెబ్.

ఆయనను కోచ్‌గా తలచుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 2024లో హిందీలో ఆయన కథతో మైదాన్ అనే సినిమా వచ్చాక మరికొందరికి ఆ పేరు తెలిసింది. అయితే ఆయన జీవితంలో సినిమాలకు పనికిరాని భాగం ఒకటుంది. ఆటగాళ్ల జాబితాలు, పోటీల తేదీలు, క్లబ్బుల తగాదాలు, మైదానాల అనుమతులు అందులోకి వస్తాయి. రహీం సాహెబ్ రెండు దశాబ్దాలపాటు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. కోచ్ రహీం సాహెబ్‌ను అర్థం చేసుకోవాలంటే ముందు ఆ కార్యదర్శి రహీం సాహెబ్‌ను చూడాలని ఈ రచయిత అభిప్రాయం.

1909 ఆగస్టు 17న ఆయన హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. అక్కడి విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ఆడే ఎలెవన్ హంటర్స్ జట్టులో ఆడారు. తర్వాత స్థానిక లీగులో పేరున్న కమర్ క్లబ్బుకు ఆడారు. బతుకుతెరువుకు మాత్రం ఉపాధ్యాయ వృత్తినే ఎంచుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన చోట్లు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొంది, బడి పిల్లల ఆటల బాధ్యత మోశారు. పెద్ద ఆటగాడని ఆయనను ఎవరూ చెప్పుకోలేదు. చిన్న పిల్లవాడికి ఏది ఎప్పుడు నేర్పాలో, ఏ అలవాటు ఏ వయసులో మానిపించాలో తెలిసిన పంతులు. తర్వాతి కాలంలో ఆయన చేసిన పనులన్నింటికీ మూలం ఈ పంతులుతనమే.

1939లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం ఏర్పడింది. టెన్నిస్, హాకీ, క్రికెట్ సహా ఎన్నో ఆటలలో ఆరితేరిన సయ్యద్ ముహమ్మద్ హాదీ దాని తొలి అధ్యక్షుడు. 1940ల తొలినాళ్లలో కార్యదర్శి పదవి రహీం సాహెబ్‌కు దక్కింది. కన్నుమూసేదాకా ఆ పని ఆయనదే.

ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అంటే ఏం పని అని పాఠకులు అడగవచ్చు. ఏ క్లబ్బు ఏ డివిజన్‌లో ఆడాలో తేల్చాలి. లీగు పోటీల తేదీలు వేయాలి. రెఫరీలను పంపాలి. ఒక క్లబ్బు ఆటగాణ్ణి మరో క్లబ్బు ఎగరేసుకుపోతే పంచాయతీ చేయాలి. రాష్ట్ర జట్టును ఎంపిక చేసి, రైలు టికెట్ల నుంచి బస దాకా చూసుకోవాలి. జీతం లేని, చప్పట్లు రాని పని ఇది. మన దేశంలో చాలాచోట్ల ఈ కుర్చీ హోదా కోసం కూర్చునేదిగా మారిపోయిందన్నది క్రీడాభిమానులందరికీ తెలిసిన బాధే. రహీం సాహెబ్ దాన్ని తరగతి గదిగా మార్చారు.

ఎలాగంటే, ఆయన పోటీలనే పాఠాలుగా తీర్చిదిద్దారు. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితో బంతి తన్నడు. ఎన్నిసార్లు చెప్పినా అభ్యాసంలో రెండు రోజులు తన్ని, మూడో రోజు పాత అలవాటుకే వస్తాడు. రహీం సాహెబ్ ఏం చేశారంటే, వాటం లేని కాలితోనే ఆడాలనే నియమంతో టోర్నమెంట్ పెట్టించారు. గెలవాలన్న పట్టుదల ఉన్న కుర్రవాడు ఇక ఎడమకాలు నేర్వక తప్పదు. బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని నలుగురిని తప్పించుకుంటూ పోవాలన్న మోజు మన ఆటగాళ్లలో ఎక్కువ. దానికి మందుగా బంతిని అలా నడిపించుకుపోకూడదనే నియమంతో మరో పోటీ పెట్టారు. బంతి రాగానే తోటివాడికి అందించాలి. అందించాక తాను ఖాళీ చోటుకు పరుగెత్తాలి. లేకుంటే ఆట సాగదు. ఇక పొట్టి కుర్రవాళ్ల సంగతి. పెద్దవాళ్ల జట్లలో వాళ్లకు చోటు దొరకదు, బెంచీ మీద కూర్చుని కూర్చుని ఆటే మానేస్తారు. వాళ్ల కోసం ఎత్తుకు పరిమితి పెట్టిన టోర్నమెంట్లు నడిపారు.

ఈ మూడింటిలోనూ ఒక సూత్రం ఉంది. నోటితో చెప్పిన మాటకన్నా నియమానికి బలం ఎక్కువ. ఒక కోచ్ తన దగ్గరకు వచ్చిన ఇరవై మందికి నేర్పగలడు. సంఘం నియమం పెడితే నగరంలోని ప్రతి క్లబ్బులో ప్రతి కుర్రవాడూ అదే నేర్చుకుంటాడు. ఆ క్లబ్బుల్లో ఎవరు ఎదుగుతున్నారో కార్యదర్శి కళ్ల ముందే ఉంటుంది. పైసా ఖర్చులేని ఈ ఉపాయం తర్వాతి కాలంలో మన సంఘాలు ఎందుకు వదిలేశాయో ఈ రచయితకు ఇప్పటికీ అంతుపట్టని విషయం.

1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టు బాధ్యత కూడా రహీం సాహెబ్ చేతికి వచ్చింది. ఆ సంవత్సరం ఎలాంటిదో గుర్తుచేసుకోవాలి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య జరిగి రెండేళ్లే అయింది. నిజాం సంస్థానం పోయింది. ఉద్యోగాలు పోయినవారు, వలస పోయినవారు, భయంతో బతికినవారు ఆ నగరంలో ఎందరో. అలాంటి రోజుల్లో నూర్ ముహమ్మద్, అజీజుద్దీన్ లాంటి కుర్రవాళ్లున్న ఆ పోలీసు జట్టు 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు తెచ్చింది. బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాదే అనుకున్న కాలమది. ఆ లెక్క మారిపోయింది. పోలీసు అధికారి శివకుమార్ లాల్ ఆ జట్టుకు ఇచ్చిన అండను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. జట్టులో ముస్లిములు, క్రైస్తవులు, హిందువులు కలిసి ఆడారు.

అదే 1950లో జాతీయ జట్టు శిక్షణ బాధ్యత కూడా ఆయనకు లభించింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అప్పటికి పదమూడేళ్ల సంస్థ. ఫీఫాలో చేరి రెండేళ్లే అయింది. ఆ ఏడాది బ్రెజిల్‌లో ప్రపంచ కప్‌కు మన జట్టుకు అవకాశం వచ్చినా వెళ్లలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వనందుకే మానుకున్నామని ఒక కథ ఇప్పటికీ తిరుగుతోంది. సమాఖ్య అప్పట్లో చెప్పిన కారణాలు వేరు. జట్టు ఎంపికలో తేడాలున్నాయని, సాధనకు వ్యవధి లేదని చెప్పింది. ఒలింపిక్స్ ముందు ప్రపంచ కప్ అంత విలువైనదిగా పెద్దలకు కనబడలేదన్నది కూడా నిజం. ఒక సంఘం ఆఫీసులో తీసుకున్న నిర్ణయం ఒక తరం ఆటగాళ్ల అదృష్టాన్ని ఎలా మార్చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు. ఆ తర్వాత ఈనాటిదాకా పురుషుల ప్రపంచ కప్‌లో మన జట్టు ఆడనే లేదు.

1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలో మన జట్టు ఫైనల్లో మేవాలాల్ గోలుతో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. చలిలో, జారే నేలమీద, ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి అని సమాఖ్య నియమం చేసింది.

1953లో హంగరీ జట్టు లండన్ వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3తో ఓడించి ప్రపంచాన్ని విస్మయపరిచింది. ముందుండి గోలు కొట్టవలసిన సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి వచ్చి బంతి అందుకోవడం, అతని వెంట వచ్చిన ప్రత్యర్థి వదిలిన ఖాళీలోకి మిగిలినవారు చొరబడడం వారి కిటుకు. రహీం సాహెబ్ దీన్ని శ్రద్ధగా అధ్యయనం చేసి మన జట్టుకు పట్టించారు. తర్వాత నలుగురు వెనుక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు ఆడే 4-2-4 పద్ధతిని కూడా తెచ్చారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్ గెలిచాక లోకమంతా దీన్ని అనుకరించింది. అంతకుముందే మనవాళ్లకు ఆయన దాన్ని పరిచయం చేశారు.

1956 డిసెంబరు 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీ ఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టు మనదే. అక్కడ యుగోస్లావియా చేతిలో 4-1తోను, కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తోను ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ ముహమ్మద్, సలాం, అహ్మద్ హుసేన్, జుల్ఫికారుద్దీన్, తులసీదాస్ బలరాం హైదరాబాదు ఫుట్‌బాల్‌లో పెరిగినవారే. ఒక్క నగరపు సంఘం నుంచి ఇంతమంది ఒకేసారి ఒలింపిక్స్‌కు వెళ్లారన్నమాట. ఎడమకాలి టోర్నమెంట్లు ఎక్కడిదాకా వెళ్లాయో చూడండి.

బలరాం కథ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. నగరానికి వచ్చి సాధన చేయాలంటే ఛార్జీలకు డబ్బుల్లేవు. అద్దె సైకిలుకు డబ్బులు రహీం సాహెబే ఇచ్చి రప్పించుకున్నారని బలరాం తర్వాత చెప్పుకునేవారు. ఆ కుర్రవాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు. 2023 ఫిబ్రవరి 16న బలరాం మరణించినప్పుడు ఆ తరం దాదాపు ముగిసిపోయింది.

ఇక మన చిత్తూరు వైపు సంగతి. పూతలపట్టు, చిత్తూరు, తిరుపతి ప్రాంతాలు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో, ఆ తర్వాత మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రంలో ఉన్నాయి. మన వైపు కుర్రవాళ్లకూ హైదరాబాదు లీగుకూ ఏ లంకె లేదు. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా ఫుట్‌బాల్‌లో మాత్రం హైదరాబాదు సంఘం ఒకటి, ఆంధ్ర సంఘం ఒకటి విడివిడిగానే నడిచాయి. 1956, 1957లో వరుసగా రెండేళ్లు సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు పేరు హైదరాబాదే. 1959లో రెండు సంఘాలు కలిసి ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాల్ సంఘం అయింది. కాగితం మీద పూతలపట్టు బడిలో బంతి తన్నే పిల్లవాడికీ, చాదర్‌ఘాట్ బడి పిల్లవాడికీ అప్పటినుంచి ఒకే సంఘం. కాగితం మీద అంటున్నది ఎందుకంటే, హైదరాబాదులో రహీం సాహెబ్ అల్లిన క్లబ్బుల వల జిల్లాలకు పాకడానికి సమయం కావాలి. ఆయనకు నాలుగేళ్లే మిగిలాయి.

1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం ఉన్నాడు. హంగరీతో 2-1 తేడాతో ఓడి, ఫ్రాన్సుతో 1-1గా నిలిచి, పెరూతో 3-1తో ఓడి జట్టు ఇంటిముఖం పట్టింది. ఆ మూడు మ్యాచ్‌ల్లో ఒక్కదానిలోనూ కోచ్‌గారి అబ్బాయి బరిలోకి దిగలేదు. ఇరవై ఏళ్లు దాటిన కుర్రవాడు బెంచీ మీద కూర్చుని తండ్రి జట్టు ఆడుతుంటే చూశాడు. సంఘాల్లో బంధుత్వాలు ఎలా పనిచేస్తాయో ఎరిగినవారికి ఇది చిన్న సంగతి కాదు.

1962 ఆగస్టు, సెప్టెంబరులలో జకార్తాలో నాలుగో ఆసియా క్రీడలు. అప్పటికే ఊపిరితిత్తుల కేన్సరు ఆయనను పట్టుకుంది. ఎడతెగకుండా సిగరెట్లు కాల్చే అలవాటు ఆయనకుండేది. జకార్తా వాతావరణం కూడా మనవారికి అనుకూలంగా లేదు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వనందుకు ఇండోనేషియాను మన క్రీడాధికారి గురుదత్ సోంధీ తప్పుపట్టడంతో అక్కడి జనం భారతీయుల మీద మండిపడ్డారు. మైదానంలో మనవాళ్లు కాలు పెడితే చాలు గోల. అధికారి మాటకు ఆటగాళ్లు మూల్యం చెల్లించడం అంటే ఇదే.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0తో గెలిచాం. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గాయంతో వెనుక ఆడలేడని అతన్ని పక్కన పెట్టకుండా, రహీం సాహెబ్ అతన్నే ముందుకు తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2 విజయంలో జర్నైల్ గోలు ఒకటి. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్లీ అదే దక్షిణ కొరియా. ఫ్లూ నుంచి లేచిన పొడగరి తంగరాజ్‌ను గోలులో నిలబెట్టారు. నిండు స్టేడియం మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే, పాకిస్తాన్ హాకీ జట్టు మాత్రం గ్యాలరీలో మనవాళ్ల పక్షాన కేకలు వేసిందని ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, కట్టు కట్టిన తలతో జర్నైల్ సింగ్ ఒక గోలు. 2-1తో స్వర్ణం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు అదే చివరి స్వర్ణం.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం సాహెబ్ ఇంతకాలు చేశారు. వయసు యాభై మూడేళ్లు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గానీ మొదలు కాలేదు.

ఆయన తర్వాత జట్టు ఒక్కసారిగా కూలిపోలేదు. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం వచ్చింది. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం దక్కింది. ఆయన తయారుచేసిన ఆటగాళ్ల కాళ్లలో బలమున్నంతకాలం ఫలితాలు వచ్చాయి. కొత్తవాళ్లను తయారుచేసే పని నడిపేవారు లేకపోయారు. 1960 తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత పొందలేదు. ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పదు. కార్యదర్శి, శిక్షకుడు, ఎంపికదారు, పంతులు అన్నీ ఒకే మనిషైనప్పుడు పని చకచకా సాగుతుంది. ఆ మనిషి పోయిన రోజున నాలుగు కుర్చీలూ ఒకేసారి ఖాళీ అవుతాయి. తన పద్ధతులను సంఘం నియమావళిలో పాతుకునేలా చేసే వ్యవధి ఆయనకు లేకపోయింది. చేయవలసిన మిగిలినవారు చేయలేదు.

జకార్తాలో మనం 2-0తో ఓడించిన జపాన్‌ను చూడండి. 1960లో ఆ దేశపు సంఘం జర్మనీ నుంచి డెట్‌మార్ క్రామర్ అనే శిక్షకుణ్ణి పిలిపించుకుంది. ఆయన 1964 టోక్యో ఒలింపిక్స్ దాకా జట్టును తీర్చిదిద్ది, పోతూ పోతూ సంఘానికి కొన్ని సూచనలు చేశారు. దేశవ్యాప్త లీగు పెట్టమన్నది వాటిలో ముఖ్యమైనది. సంఘం విన్నది. 1965లో లీగు మొదలైంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో జపాన్ కాంస్యం గెలుచుకుంది. 1969లో ఫీఫా ఆసియా శిక్షకుల కోసం జపాన్‌లో క్రామర్ ఆధ్వర్యంలో తరగతులు నిర్వహిస్తే, మన పి.కె. బెనర్జీ అక్కడికి వెళ్లి విద్యార్థిగా కూర్చున్నారు. ఆయన గోలు కొట్టి రహీం సాహెబ్‌కు స్వర్ణం అందించి అప్పటికి ఏడేళ్లే.

ఈనాడు సంఘాలను బాగుచేయడం ఫీఫాకు ఒక పెద్ద పని. 1999లో గోల్ అనే పథకంతో పేద దేశాల సంఘాలకు కార్యాలయాలు, శిక్షణ కేంద్రాలు కట్టించడం మొదలుపెట్టింది. 2016 నుంచి ఫార్వర్డ్ పథకం కింద ప్రతి సభ్య సంఘానికీ నిధులిస్తోంది. లెక్కలు చూపాలి, తనిఖీకి ఒప్పుకోవాలి. అయినా 2022 ఆగస్టులో మన అఖిల భారత సమాఖ్యనే ఫీఫా సస్పెండ్ చేసింది. ఎన్నికలు సమయానికి జరపక, కోర్టు నియమించిన కమిటీ పాలన చూడవలసి వచ్చిన ఫలితమది. రెండు వారాలలోపే సస్పెన్షన్ ఎత్తివేయడంతో ఆ అక్టోబరులో మన దేశంలో జరగవలసిన పదిహేడేళ్లలోపు బాలికల ప్రపంచ కప్ దక్కింది. 2014లో రాష్ట్ర విభజనతో, 1959లో కలిసిన సంఘం మళ్లీ రెండు రాష్ట్రాలది అయింది. పూతలపట్టు పిల్లవాడిది ఆంధ్రప్రదేశ్ సంఘం, చాదర్‌ఘాట్ పిల్లవాడిది తెలంగాణ సంఘం.

రోమ్‌లో బెంచీ మీద కూర్చున్న హకీం వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు. అంతర్జాతీయ రెఫరీగా విజిల్ ఊదారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పి.కె. బెనర్జీకి సహాయకుడిగా జాతీయ జట్టుకు శిక్షణ ఇచ్చారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021 ఆగస్టు 22న గుల్బర్గాలో కన్నుమూశారు.